కుట్టు విప్పిన గంప

ఎద్దయితే ఈ ఎత్తు ఎక్కేసరికి నోట నురగ వచ్చేది, దీనికి రాదు, కాస్త పొగ వదిలింది, కాస్త మూలిగింది, అదిగో, ఎక్కేసింది, ఇంత సుళువని తెలిస్తే ఇన్నేళ్ళూ ఆ మూగజీవాల తోకలు ఎందుకు మెలిపెట్టామో, నేను లారీలో లేను, లారీ మీద ఉన్నాను, రెండొందల నలభై మామిడి గంపల మీద బిగించిన కొత్త టార్పాలిన్ పట్టా మీద, కాళ్ళు చాపుకుని, కొంగు నడుముకి దోపుకుని, నూజివీడు బజారంతా నా కాళ్ళ కింద నుంచి వెనక్కి పోయింది, మంగలి షాపులో గడ్డానికి సబ్బు పూసుకుని కూర్చున్న పెద్దమనిషి తలెత్తి, బసవమ్మ గారి కోడలు అన్నపూర్ణ కాదూ అది, లారీ ఎక్కి కూర్చుందేంట్రా అన్నాడు, చూడనీ, మెడ నొప్పెట్టేదాకా చూడనీ, నిరుడు ఇదే బజార్లో మా ఆరు బళ్ళూ లోడు లేక నిలబడి ఉంటే, ఏమ్మా, ఎడ్లకి వేసవి సెలవులిచ్చారా అని నవ్విన నోరు అదే, ఇప్పుడు నవ్వమను, కింద మా ఆయన వెంకటకృష్ణారావు హారన్ కొట్టాడు, అవసరం లేకపోయినా కొట్టాడు, దారిలో కోడి కూడా లేదు, ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి పిల్లాడిలా కొడుతున్నాడు, కొట్టనీ, నాకూ అరవాలనే ఉంది, ఆడది అరిస్తే బాగుండదంటారు, ఎవరికి బాగుండదో మాత్రం ఎవరూ చెప్పరు, మొదటి లోడు మీద ఇంటి ఆడది కూర్చోవాలి, ఏటా ఇంతే, ఇది దేవుడు పెట్టిన ఆచారం కాదు, మా అత్తయ్య బసవమ్మ పెట్టింది, యాభై రెండులో మా మామగారు బసవపున్నారావు తోటలో బండికి పన్నెండు గంపలు ఎక్కించి పదమూడోదాని కోసం వంగినప్పుడు పాము కరిచి పోయారు, దినాలు కూడా కాకముందే షావుకారు మనిషిని పంపాడట, బండి మాకిచ్చెయ్యమ్మా, తోలడానికి మగాణ్ణి మేం చూసుకుంటాం అని, అత్తయ్య ఐదేళ్ళ కొడుకుని గంపల మధ్య కూర్చోబెట్టి, తాను ముందు కూర్చుని పగ్గాలు పట్టి హనుమాన్ జంక్షన్ దాకా తోలుకుపోయిందట, ఆ ఐదేళ్ళవాడే ఇప్పుడు నా కింద హారన్ కొడుతున్నాడు, ఆవిడకి మోకాళ్ళు పట్టేసి పైకెక్కలేక కాబిన్‌లో కొడుకు పక్కన కూర్చుంది, అందుకని ఈ ఏడు పైన నేను, ముప్పై మూడేళ్ళ తరవాత నేను.

ఒక్క బండి ఆరు బళ్ళయింది, ఊరికే అవలేదు, కిందికి మామిడి, పైకి ఎండుగడ్డి, డెల్టా పొలాల నుంచి వరిగడ్డి తేకపోతే మా మెట్టన గంపల్లో పరచడానికి ఏముంది, బండి ఒక్క మైలు కూడా ఖాళీగా తిరగకూడదు అనేది ఆవిడ, ఎండాకాలం మామిడి, చలికాలం వడ్ల బస్తాలు, తుఫాను వచ్చిన ఏడాది మునిగిన ఊళ్ళకి మనుషులకి బియ్యం, పశువులకి మేత, మధ్యలో పెళ్ళిళ్ళకి పందిరి గుంజలు, ఏది ఎత్తితే అది మోశాం, నింద ఒక్కటే మొయ్యలేదు, దానికీ ఆవిడ ఒక పద్ధతి పెట్టింది, గంపలో కాయ పేర్చి, గడ్డి కప్పి, పైన గోనె పరిచి, పురికొసతో మూతి కుట్టేశాక ఆ గంప మనది కాదు, లోపల ఏముందో మనకి అక్కర్లేదు, కుట్టు విప్పకూడదు, మొగుడు లేనిదాని బండిలో కాయలు తగ్గినియ్యి అని ఒక్కడంటే చాలు, నేను బతికి దండగ అనేది, అందుకే మా ఇంట్లో మామిడిపండు తినాలంటే బజార్లో కొనుక్కుని తినాలి, మోసేది లక్షల కాయలు, తినేది డజను, పెళ్ళయిన కొత్తల్లో నవ్వొచ్చేది, తరవాత కోపం వచ్చేది, ఇప్పుడు రెండూ వస్తాయి, బెజవాడ కంపెనీ లారీలు తోట గట్టు మీదికే వచ్చి నిలబడుతుంటే ఎడ్లబండి ఎవడిక్కావాలి, ఈ చలికాలం పన్నెండు ఎడ్లనీ అమ్మేశాం, అత్తయ్య సంతకి రాలేదు, మెడల్లో గంటలు మాత్రం విప్పి పట్రండి అంది, పన్నెండు గంటలూ ఇప్పుడు కాబిన్ ముందు వరసగా వేలాడుతున్నాయి, గుంతలో పడ్డప్పుడల్లా పన్నెండు ఎడ్లూ ఒక్కసారి తలలూపినట్టు మోగుతున్నాయి, ఆటోనగర్‌లో ఎవరో వాడి వదిలేసిన లారీ, పచ్చరంగు వేయించాం, బసవమ్మ ట్రాన్స్‌పోర్టు, నూజివీడు అని రాయించాం, ఆ రాత మొదట చదివింది నేను, బడి మొహం చూడనిదాన్ని, జంక్షన్‌లో బండి పక్కన నిలబడి లారీల వెనక రాతలు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఇప్పుడు నా వెనక రాత ఇంకో ఆడపిల్ల కూడబలుక్కుంటుంది, ఈ మాట అనుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది, మామిడి షావుకారు భాస్కరరావు ఒకటే చెప్పాడు, జంక్షన్‌లో ఢిల్లీ లారీ పదకొండింటికి కదులుతుంది, ఈలోపు మొదటి లోడు అందిస్తే ఈ సీజనంతా మీదే, అందకపోతే బెజవాడ కంపెనీది, మళ్ళీ నా గుమ్మం ఎక్కొద్దు, నమ్మకం చాలక తన గుమస్తా నారాయణరావుని కూడా ఎక్కించి పంపాడు, ఆయన అత్తయ్య పక్కన ఒళ్ళో సంచీ, సంచీ మీద గొడుగూ పెట్టుకుని ముడుచుకు కూర్చున్నాడు, ఎడ్లు లేవు, బళ్ళు లేవు, ఈ సీజను పోతే లారీ పోతుంది, లారీ పోతే ఇంకోడి గంపలు మా నెత్తిన మొయ్యాలి, పోదు, ఎందుకు పోతుంది, తొమ్మిదే కదా అయింది, పదింటికల్లా జంక్షన్.

మీర్జాపురం దాటాం, రెండు వైపులా తోటలే, గాలి మొహానికి చల్లగా కొడుతోంది, మరి ఇదేంటి, కూర్చున్న చోట ఇంత వేడేంటి, ఎండకి పట్టా కాలిందనుకున్నాను, పక్కకి జరిగాను, అక్కడా అంతే, ఎండ వేడి పై నుంచి కదా రావాలి, ఇది కింద నుంచి వస్తోంది, బాలింత పక్కలోంచి వచ్చినట్టు ఆగి ఆగి వస్తోంది, ఎండ తగలని వైపుకి వంగి పట్టా అంచు కింద చెయ్యి దూర్చాను, బలవంతంగా దూర్చాల్సొచ్చింది, అంత బిగించాం, తీస్తే చెయ్యి తడి, ముక్కు దగ్గర పెట్టుకుంటే పచ్చికాయ జిగురు వాసన కాదు, కల్లుముంత మూత తీసినట్టు తియ్యటి పులుపు, మగ్దలేనమ్మ, ఎన్నేళ్ళకి గుర్తొచ్చింది మగ్దలేనమ్మ, పెళ్ళికి ముందు చింతలపూడి వైపు తోటల్లో ఆవిడ పక్కన కూర్చుని గంపలు పేర్చేదాన్ని, ఆవిడ చెయ్యి గంపలో పెట్టి కళ్ళు మూసుకుని చెప్పేది, ఇది నాలుగు రోజులుంటది, ఇది రెండ్రోజులే అని, తప్పేది కాదు, కాయ కోసినా చావదే పిల్లా, ఊపిరి తీస్తానే ఉంటది, ముక్కూ నోరూ మూసి చూడు, జ్వరమొచ్చి చస్తది అనేది, మూసేశాం కదా, ముక్కూ నోరూ అన్నీ మూసేశాం కదా, వడ్ల బస్తాలకి కట్టినట్టు కట్టేశాం, బండి రోజుల్లో మామిడి రాత్రి చల్లదనాన పోయేది, పైన చుక్కలే తప్ప ఏ కప్పూ ఉండేది కాదు, పట్టా కప్పింది ఎప్పుడూ వడ్లకే, మామిడికి పట్టా ఎలా కట్టాలో మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు, తెలియదన్న సంగతే తెలియదు, పైగా నిన్న సాయంత్రం నుంచి, నిన్న సాయంత్రమే లోడు ఎక్కించి కట్టేసి, లారీకి తొలి ప్రయాణం కదా అని అత్తయ్య పంతులు గారిని అడిగితే ఎనిమిదీ నలభైకి బాగుందన్నారు, ఆ ఎనిమిదీ నలభై కోసం రాత్రంతా, పొద్దున ఎండలో రెండు గంటలూ మా దొడ్లో మూతి కట్టుకుని నిలబడి ఉంది లోడు, చుట్టూ పసుపూ కుంకుమా, చక్రాల కింద నిమ్మకాయలూ, లోపల కాయ ఉడుకుతోంది, ఎవర్ని తిట్టను, షావుకారునా, పంతులు గారినా, ఆ తాడు నేనూ లాగాను, గంపల పక్కన కాలు తన్నిపెట్టి, పళ్ళు బిగించి, లారీ ఓనర్లం అన్నంత గర్వంగా లాగాను.

కాబిన్ మీద పిడికిలితో బాదాను, ఆపండి, ఏవండీ ఆపండి, సరదాకి బాదాననుకున్నాడో ఏమో ఆయనా తిరిగి హారన్ కొట్టాడు, రెండు చేతులతో బాదితే అప్పుడు ఆపాడు, తోట పక్కన, నేను దిగడం దిగడం తాడు ముడి మీద పడ్డాను, ఏంటే, ఏమైందే అని ఆయన, అమ్మాయ్, దెబ్బ తగిలిందా అని అత్తయ్య, లోడు ఉడికిపోతోంది అన్నాను, నారాయణరావు సంచీ పట్టుకుని దిగి, ముందు గడియారం చూశాడు, తరవాత నన్ను చూశాడు, తొమ్మిదింబావమ్మా, ఉడికినా వేగినా జంక్షన్‌లో చూసుకుందాం, ఎక్కండి అన్నాడు, ముడి రాలేదు, గోళ్ళు విరిగాయి, మా ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, ఇలా విను, పదింటికి అప్పజెప్పేస్తాం, వాళ్ళు ఎక్కించుకుంటారు, మన పని అయిపోద్ది, అది ఢిల్లీలో ఎలా దిగితే మనకేంటి, కుట్టు చెడలేదు, గంప తగ్గలేదు అన్నాడు, మంచివాడే, తాగడు, కొట్టడు, అయినా ఆ మాట అన్నాడు, నాకూ ఒక్క క్షణం ఆ మాట చల్లగా తగిలింది, అబద్ధం ఎందుకు చెప్పాలి, పోనీలే, ఎక్కి కూర్చో అన్నపూర్ణా అని లోపల ఎవరో అన్నారు, సీజనంతా చేతికొస్తుంది కదా అన్నారు, మూడోరోజు ఢిల్లీలో గోనె కొయ్యగానే రసం కారితే అక్కడి వాళ్ళు షావుకారు మీద పడతారు, షావుకారు ఎవరి మీద పడతాడు, అమ్ముడైతే ఆయన సరుకు, కుళ్ళితే మా సరుకు, ఇది ముప్పై మూడేళ్ళుగా నడుస్తున్న న్యాయం, దీన్ని అడిగినవాడు లేడు, రొండిన పెట్టుకున్న దబ్బనం తీశాను, గోనెలు కుట్టే సూది, జానెడు పొడుగు, ముడిలో గుచ్చి తిప్పితే వదులైంది, పట్టా ఎత్తగానే ఆవిరి మొహాన కొట్టింది, పొయ్యి మీద కుండ మూత తీసినట్టు, ఇంకెవరికీ ఏమీ చెప్పక్కర్లేదనుకున్నాను, కానీ ఒక గంప దించి కుట్టు మీద దబ్బనం పెట్టానో లేదో అత్తయ్య కాబిన్‌లోంచే, అన్నపూర్ణా, చెయ్యి తియ్యి అంది, ముప్పై మూడేళ్ళ గొంతు అది, ఎడ్లు ఆగిపోయే గొంతు, నారాయణరావు అటు తిరిగి నిలబడి, నేను చూళ్ళేదమ్మా, నేనసలు ఇక్కడ లేను, షావుకారు గారు అడిగితే నేను ఒంటికి వెళ్ళానని చెప్పండి అన్నాడు, అత్తయ్య దిగింది, మోకాలు పట్టుకుని, కొడుకు చెయ్యి విదిలించి దిగింది, కుట్టిన గంప మనది కాదని నీకెన్నిసార్లు చెప్పాను అంది, మనది కాకపోతే అది చచ్చిపోతుంటే వాసన మనకెందుకు కొడతంది అత్తయ్యా అన్నాను, ఏం మాటో అది, ఎక్కణ్ణుంచి వచ్చిందో, విప్పొద్దంటే విప్పను, మీరే ఒక్కసారి కుట్టు పక్క నుంచి వేలు పెట్టి చూడండి, అంతే అన్నాను, ఆవిడ నన్ను చూసింది, గంపని చూసింది, చేతి వేళ్ళు చీర కుచ్చిళ్ళకి తుడుచుకుంది, గుళ్ళోకి వెళ్ళేముందు తుడుచుకున్నట్టు, గోనె అంచు పక్క నుంచి రెండు వేళ్ళు దూర్చింది, మూడు, తరవాత అరచెయ్యి, అలాగే ఉండిపోయింది, చంటిదాని నుదురులా ఉందే అంది, అని తానే నా చేతిలో దబ్బనం లాక్కుంది, టప్ మని పురికొస తెంచింది, ముప్పై మూడేళ్ళు ఆ చప్పుడు మా ఇంట్లో ఎవరూ వినలేదు.

ఇక చూడాలి, ఇక ఎవరి కాళ్ళు నేల మీద ఉన్నాయి, నారాయణరావు గారి చెయ్యి పట్టుకుని నేనే గంపలో పెట్టాను, మగాడి చెయ్యి పట్టుకున్నాననే ఆలోచనే లేదు, ఆయన చురుక్కుమన్నట్టు తీసి, ఇది ఢిల్లీ కాదు తల్లీ, ఏలూరు కూడా చేరదు అన్నాడు, అయితే మీరు ముందు వెళ్ళి లారీని ఆపించండి అన్నాను, నేనా, నా మాట మా ఇంట్లో పిల్లి వినదు అన్నాడు, అంటూనే అటుగా వచ్చిన ఎర్రబస్సుకి గొడుగు అడ్డం పెట్టి ఎక్కేశాడు, ఫుట్‌బోర్డు మీద నుంచి పన్నెండు, పన్నెండు దాకా ఆపిస్తా అని అరిచాడు, తోటలో కాయ కోస్తున్న ఆడవాళ్ళు నలుగురు గట్టెక్కి చూస్తున్నారు, చూస్తారేంటమ్మా, రండి, మీరు కోసిన కాయలాంటిదే, చస్తోంది అన్నాను, కూలెంతో కూడా అడక్కుండా వచ్చారు, వాళ్ళకి తెలుసు, కాయ సంగతి వాళ్ళకి తెలిసినంత లారీ ఉన్నవాడికీ తెలియదు, లెడ్జరు ఉన్నవాడికీ తెలియదు, పట్టా మొత్తం ఒలిచి పారేశాం, మా ఆయన పైకెక్కి గంపలు అందిస్తున్నాడు, మేం చెట్ల నీడన వరసలు పెడుతున్నాం, అంచు గంపలు బాగానే ఉన్నాయి, నడిమి వరసల్లోనే జ్వరం, అత్తయ్య ఒక గంప బోర్లించి దాని మీద కూర్చుని ఒక్కో గంపలో చెయ్యి పెట్టి, ఉంచు, తియ్యి, ఉంచు, తియ్యి, మగ్దలేనమ్మ లాగే కళ్ళు మూసుకుని, ఎవరు నేర్పారు ఈవిడకి, ఎవరూ నేర్పలేదు, ముప్పై మూడేళ్ళు చెయ్యి దాచుకుంది అంతే, ఉడికిన గడ్డి తీసి పారేసి, కాయ ఆరబెట్టి, తోట పాకలో ఉన్న ఎండుగడ్డి తెచ్చి మార్చి, నేను కుడుతున్నాను, వేలికి గుచ్చుకుంది, నెత్తురు గోనెకి తుడిచి కుడుతున్నాను, ఇంత తొందరగా నేనెప్పుడూ కుట్టలేదు, చెమట కళ్ళలోకి కారుతోంది, నవ్వొస్తోంది, సీజను పోతుందో ఉంటుందో తెలియకుండా నవ్వొస్తోంది, పేర్చేటప్పుడు ఆయన్ని ఆపాను, అలా కాదండీ, నడుమ సందు వదలండి, ముందు నుంచి వెనక దాకా, గాలి దూరిపోయేలా, సందు వదిలితే అన్ని గంపలూ పట్టవే అన్నాడు, పట్టనివి పైన ఇంకో వరస వెయ్యండి అన్నాను, వదిలాడు, పదిహేడు గంపలు మెత్తబడ్డాయి, వాటి కుట్టు వెయ్యకుండా తెరిచే వెనక పెట్టాం, పట్టా వేశాం, పందిరిలా పైన మాత్రమే, పక్కలు వదిలేసి, పదకొండు దాటింది, తోలండి, హారన్ కొట్టండి, ఇప్పుడు కొట్టండి.

జంక్షన్‌లో ఢిల్లీ లారీ ఉంది, ఉంది, దాని ముందు చక్రానికి ఆనుకుని నారాయణరావు గొడుగు వేసుకుని కూర్చుని ఉన్నాడు, నా మీద నుంచి పోనివ్వండి అన్నాడట, ఆ మనిషే, తన మాట పిల్లి కూడా వినదన్న మనిషే, భాస్కరరావు పంచె అంచు చేత్తో పట్టుకుని వచ్చాడు, తెరిచి ఉన్న గంపలు చూశాడు, మొహం మాడిపోయింది, ఎవరు విప్పమన్నారు అన్నాడు, నేను నోరు తెరిచాను, నాకంటే ముందు అత్తయ్య, నేనే విప్పమన్నాను, నేనే విప్పాను అంది, ముప్పై మూడేళ్ళలో ఒక్క కుట్టు తెంచలేదు కదా బసవమ్మ గారూ, ఇవాళ లారీ రాగానే కాయల మీదికి చెయ్యి వచ్చిందా అన్నాడు, చుట్టూ హమాలీలు నిలబడ్డారు, ఆవిడ భయపడిన మాట, ముప్పై మూడేళ్ళు దేనికి భయపడి చెయ్యి దాచుకుందో ఆ మాట, పదిమందిలో పడింది, పడితే ఏమీ అవలేదు, ఆకాశం అలాగే ఉంది, ఆవిడ అలాగే నిలబడి ఉంది, నేను దబ్బనం తీసి షావుకారు చేతిలో పెట్టాను, మీక్కావలసిన గంప విప్పుకోండి, పైది కాదు, నడిమిది విప్పండి, చల్లగా లేకపోతే మేం కొండెక్కి గడ్డి కోసుకుంటాం, ఉంటే మాత్రం ఒక మాట చెప్పాలి, పట్టా తప్పు మాది, ఈ పదిహేడు గంపలూ మా నెత్తినే వేసుకుంటాం, కానీ దారిలో కుళ్ళితే మాదయ్యే సరుకుని దారిలో మేం ముట్టుకోకూడదంటే ఇక కుదరదు అన్నాను, ఆయన నడిమి గంప దింపించి, తానే కుట్టు తెంచి, మోచేతి దాకా దూర్చాడు, అడుగు దాకా వెతికాడు, ఒక బంగినపల్లి తీసి చెంపకి ఆనించుకున్నాడు, పచ్చగా, గట్టిగా, చల్లగా, దాన్ని మళ్ళీ గడ్డిలో పెట్టి, చాలాసేపు ఆ గడ్డే సర్దాడు, ఎక్కించండ్రా అన్నాడు హమాలీలతో, తరవాత మా వైపు చూడకుండా, రేపటి లోడుకి ముహూర్తం ఎన్నింటికమ్మా అన్నాడు, అత్తయ్య చెంగుతో మొహం తుడుచుకుని, రేపటి నుంచి ముహూర్తాల్లేవు బాబూ, కోసిన గంటలో కదలడమే, పంతులు గారికి కూడా కాస్త విశ్రాంతి అంది, నారాయణరావు గొడుగు కింద నుంచి కిసుక్కుమన్నాడు.

ఇప్పుడు పైకి పోతున్నాం, నూజివీడుకి, ఖాళీగా కాదు, లారీ నిండా ఎండుగడ్డి, నేను గడ్డి మీద కూర్చున్నాను, గడ్డి కింద వేడి లేదు, పదే పదే చెయ్యి పెట్టి చూస్తున్నాను, లేదు, జంక్షన్ దాటే ముందు అత్తయ్య మెత్తబడ్డ గంపలోంచి ఒక కాయ తీసుకుంది, ఎవరినీ అడగలేదు, పైన కొరికి తొక్క ఉమ్మేసి రసం పీల్చింది, మా బండి సరుకు ఆవిడ నోట్లో పడ్డం నేను చూడ్డం అదే మొదలు, ఎలా ఉంది అత్తయ్యా అంటే కళ్ళు చిట్లించి, సగం పులుపు, సగం చప్ప, ఇన్నేళ్ళు దాచి దాచి మోసింది దీన్నా అంది, అని పారెయ్యకుండా టెంక దాకా చీకింది, చీకి ఇంకోటి నాకు విసిరింది, అది నా చేతిలో ఉంది, రసం మోచేతి దాకా కారుతోంది, గంటలు మోగుతున్నాయి, ఆయన హారన్ కొడుతున్నాడు, నేను అనుకుంటున్నాను, తోటలో ఉన్నప్పుడు అది రైతుది, ఢిల్లీలో దిగాక అది షావుకారుది, ఈ మధ్యన దారి ఉంది, ఎండా గుంతలూ ఉన్న దారి, అక్కడ అది ఎవరిదీ కాదని మాకు చెప్పారు, మేమూ నమ్మి చేతులు కట్టుకున్నాం, కాదు, మా మీద ఉన్నంతసేపూ, అది ఊపిరి తీస్తున్నంతసేపూ, మాది.